రంగులు మార్చి తూచిన ఈస్టు

ఈతకల్లు కోసం మొదటిసారి వికారాబాద్ శివార్లలోని ఈతవనం దగ్గరికి వెళ్ళినప్పుడు చున్నీతో ముఖమంతా చుట్టుకున్నాను. కళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. మాది తాండూరు బజారులో కందిపప్పు దుకాణం. మా ఇంట్లో శనివారాలు ఉల్లిగడ్డ కూడా కొయ్యరు. అలాంటి ఇంటి ఆడపిల్ల పొద్దున్నే కల్లు కోసం నిలబడిందని మా వాళ్ళలో ఒక్కరికి తెలిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా ఆ వార్త కొడంగల్ దాకా పోతుంది. పరిశోధన కోసమని చెప్తే నమ్మేదెవరు?

చెట్లెక్కే పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"తాగెటోళ్ళ తీరు లేవు. నీకెందుకు బిడ్డా కల్లు?"

"తాగనీకి కాదు తాతా. దీన్ని పులియబెట్టే ఈస్టని ఒకటుంటది. గది గావాలె."

"గదేందో నాకు తెల్వదు గని, ఎండకాలంల మాత్రం మస్తు జోరు మీదుంటది. కుండల పోసి గిట్ల తిరిగి జూసేలోపట పొంగుతది."

ఆయన మామూలుగా అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఐదేళ్ళు గడిపాను. ఎందుకంటే హైదరాబాదులో మా ల్యాబులో పెంచే ఈస్టు మహా సున్నితం. ముప్ఫై డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. నలభై దగ్గర చేతులెత్తేస్తుంది. వికారాబాద్ ఎండల్లో మట్టికుండలో కూర్చున్న ఈస్టు మాత్రం జోరు మీదుంటుందట. ఆ వేడికి అది లోపల ఏం చేసుకుంటుంది? ఏ జన్యువుల్ని నిద్రలేపుతుంది, వేటిని పడుకోబెడుతుంది? నా పీహెచ్‌డీ మొత్తం ఈ ప్రశ్నే.

అప్పట్లో వికారాబాదులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అక్కణ్ణుంచి రైలెక్కితే ఒక పక్క తాండూరు, ఇంకో పక్క హైదరాబాదు. ఇల్లూ ల్యాబూ రెండూ నావే అనిపించేది. కల్లును ఫ్లాస్కులో పోసుకుని పొద్దుటి రైల్లో ల్యాబుకు తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు శంకర్‌పల్లి దాటగానే ఫ్లాస్కు మూత ఠప్పున ఎగిరిపడింది. లోపలి ఈస్టు ఊరుకుంటుందా, గాలి పుట్టిస్తూనే ఉంటుంది కదా. రైలు డబ్బా అంతా కల్లు దుకాణం వాసన. పక్కన కూర్చున్న ముసలమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవలికి తీస్కపోతున్నవ్ బిడ్డా? ఇంటాయనకా?"

"లేదమ్మా. నాకింకా పెండ్లి కాలే. చదువుకు."

ఆమె నన్ను చూసిన చూపులో జాలి, అనుమానం రెండూ ఉన్నాయి. దిగేదాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఎదుటి సీట్లో ఉన్నాయన మాత్రం ఫ్లాస్కు వంక ఆశగా చూస్తూనే ఉన్నాడు.

ల్యాబులో ఆ కల్లులోంచి ఈస్టును వేరుచేసి, ఒక్క కణం నుంచి పెంచి, సగాన్ని ముప్ఫై డిగ్రీల దగ్గర, సగాన్ని నలభై దగ్గర పెట్టాను. ఈస్టు కణంలో దాదాపు ఆరువేల జన్యువులుంటాయి. అన్నీ ఒకేసారి పనిచేయవు. పనిచేస్తున్న జన్యువు తన రాతకు కాపీలు తీసి పంపుతూ ఉంటుంది. కాపీలు ఎక్కువుంటే జోరుగా పనిచేస్తోందని, తక్కువుంటే కునుకు తీస్తోందని అర్థం. ఈ కాపీలను లెక్కపెట్టడానికి మా దగ్గర గాజుపలకలుండేవి. పలక మైక్రోస్కోపు స్లైడంత ఉంటుంది. దాని మీద కంటికి ఆనని చుక్కలు వేలకొద్దీ ఉంటాయి, జన్యువుకో చుక్క. వేడిలో పెరిగిన ఈస్టు కాపీలకు ఒక రంగు, చల్లగా పెరిగిన ఈస్టు కాపీలకు ఇంకో రంగు పూసి, రెండూ కలిపి పలక మీద పొయ్యాలి. దేని చుక్క దగ్గరికి అది వెళ్ళి అతుక్కుంటుంది. తర్వాత కడిగి, స్కానర్లో పెట్టి చూస్తే, చుక్క ఎర్రగా ఉంటే ఆ జన్యువు ఒకచోట ఎక్కువ పనిచేసిందని, ఆకుపచ్చగా ఉంటే రెండోచోట ఎక్కువ పనిచేసిందని తెలుస్తుంది. పసుప్పచ్చగా ఉంటే రెండుచోట్లా సమానం.

అప్పటికే పెద్ద పెద్ద ల్యాబుల్లో ఈ పలకల పద్ధతి పాతబడింది. జన్యువుల కాపీలను నేరుగా చదివేసే యంత్రాలు వచ్చేశాయి. మా ల్యాబులో మాత్రం పాత స్కానరు ఇంకా పనిచేస్తూ ఉండేది, పలకలు ఒక పెట్టెలో కొన్ని మిగిలి ఉండేవి. ఉన్నదాంతోనే పని కానివ్వమన్నారు మా గైడు మేడమ్. నాకూ బాగానే అనిపించింది. ఆరువేల జన్యువులు ఒకేసారి నా ముందు రంగులు పూసుకుని నిలబడటమంటే మాటలా?

నేను వేడి ఈస్టుకు ఎరుపు పూశాను. చల్లని ఈస్టుకు ఆకుపచ్చ. నాలుగు పలకలు చేశాను, నాలుగింటికీ అదే వరస. ఒక్కసారి కూడా మార్చలేదు. రంగులు అటూ ఇటూ మార్చి చెయ్యాలని పుస్తకాల్లో చదవకపోలేదు. చదివి పక్కన పెట్టాను. మార్చడమనేది నాకు తప్పుడు పనిలా తోచింది.

ఎందుకు తోచిందో చెప్తే నవ్వుతారు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి సాయంత్రాలు దుకాణంలో కూర్చునేదాన్ని. అప్పుడింకా వేలాడే తరాజే. కుడి పళ్ళెంలో పప్పు, ఎడమ పళ్ళెంలో తూకం బాట్లు. ఒకసారి నేను ఆడుకుంటూ బాట్లు కుడివైపు పెట్టి పప్పు ఎడమవైపు పోస్తే నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గిరాకి ముందు చెయ్యి మార్చి తూస్తే మోసమని అనుకుంటారు, మన దుకాణంలో ఆ మాట రాకూడదు, అని గిరాకి వెళ్ళాక మెల్లగా చెప్పాడు. మా బజారులో ఎవర్నడిగినా అదే చెప్తారు. పళ్ళేలు మార్చేవాణ్ణి నమ్మరు. అది నా ఒంట్లో ఇంకిపోయింది. పీహెచ్‌డీకి వచ్చినా పోలేదు. నాలుగుసార్లూ ఒకే వైపు పెట్టి తూచడమే నిజాయితీ అనుకున్నాను. పైగా దానికి గర్వపడ్డాను కూడా.

ఫలితాలు చూస్తే కళ్ళు చెదిరాయి. నాలుగు పలకల మీదా అవే చుక్కలు ఎర్రగా వెలుగుతున్నాయి. వేడికి కణం గోడను గట్టిపరిచే జన్యువులు, చెడిపోయిన ప్రొటీన్లను సరిచేసే జన్యువులు. వీటన్నిటినీ మించి ఎర్రగా ఇంకొకటుంది. దాని పని ఏమిటో అప్పటికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను దాన్ని పెంపుడు పిల్లిలా చూసుకున్నాను. దాని మీదే ఒక అధ్యాయం మొత్తం రాశాను. ఫెలోషిప్పు ఇంకో నెలలో అయిపోతుంది, చివరి సెమినార్ తేదీ కూడా ఖాయమైంది. అప్పుడు మేడమ్ నా రాతప్రతి చదివారు.

"ఏ పలకకు రంగులు మార్చావో రాయలేదేమమ్మా?" అని అడిగారు.

"మార్చలేదు మేడమ్. నాలుగూ ఒకటే వరస."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఎరుపు రంగుకు కొన్ని చుక్కలంటే మొదట్నుంచీ ఇష్టం. ఈస్టుతో నిమిత్తం లేకుండా అక్కడ ఎక్కువ అంటుకుంటుంది. నువ్వు చూసిన ఎరుపు వేడి వల్ల వచ్చిందో, రంగు వల్ల వచ్చిందో ఎట్లా చెప్తావు? నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చేసినా అదే తప్పు నలభైసార్లు వస్తుంది."

"నేను అవునుగదా అని గదిలోంచి బయటికి వచ్చాను" అని రాయాలని ఉంది. నిజానికి వాష్‌రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఐదేళ్ళు. కల్లు ఫ్లాస్కులు, రైళ్ళు, ముసలమ్మల చూపులు, అన్నీ కలిపి చివరికి మిగిలింది ఒక రంగు గారాబమా? తిరిగొచ్చాక మేడమ్ మిగిలింది చెప్పారు. అప్పటి కాపీల్లో కొంత డీప్ ఫ్రీజర్లో దాచి ఉంది. పెట్టెలో రెండు పలకలున్నాయి. గడువు దాటాయి గానీ పనికిరావచ్చు. రంగులు మార్చి చేసి చూడు, ఫలితం నిలబడితే సెమినార్, లేకపోతే ఆ అధ్యాయాలు తీసేసి మళ్ళీ మొదలు. మళ్ళీ మొదలంటే ఫెలోషిప్పు లేకుండా. చదువు మానెయ్యడమే అని ఆవిడ అనలేదు. నాకు అర్థమైంది.

ఆదివారం తాండూరు వెళ్ళాను. ఇంటికి కూడా పోకుండా స్టేషన్ నుంచి నేరుగా దుకాణానికే నడిచాను. నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. పాత తరాజు మాత్రం కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది, తియ్యనివ్వడు. నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఈస్టు సంగతి నాన్నకు ఎప్పుడూ తలకెక్కలేదు. ఈసారి మాత్రం తూకం మాటల్లో చెప్పాను. ఒక పళ్ళెంలో వేడి సరుకు, ఇంకో పళ్ళెంలో చల్ల సరుకు, నాలుగుసార్లూ ఒకే వైపు తూచానని చెప్పాను. చెప్పీ చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది.

"గట్లెట్ల తూస్తవ్ బిడ్డా? తరాజే ఒక దిక్కు వాలి ఉంటే?"

"నువ్వే గద చెప్పినవ్! చెయ్యి మార్చొద్దని చిన్నప్పటిసంది చెప్పినవ్!"

"గిరాకి ముంగట మార్చొద్దన్న. పొద్దుగాల దుకాణం తెరవకముందు రోజు మారుస్తుంటి. కిలో పప్పు గీ పళ్ళెంల పెట్టి జూస్త, మళ్ళ గా పళ్ళెంల పెట్టి జూస్త. రెండు దిక్కుల ఒక్కటే ఒస్తే తరాజు మంచిగున్నట్టు. రాకపోతే పాసంగం కడత. నువ్వప్పుడు నిద్రల ఉంటుంటివి."

పాసంగమంటే తేలిగ్గా ఉన్న పళ్ళేనికి సరిపెట్టడానికి కట్టే చిన్న ఇనుపముక్క. తరాజుకు అది వేలాడుతుండటం నేను వెయ్యిసార్లు చూశాను. ఎందుకుందని ఒక్కసారి అడగలేదు. సాయంత్రం వచ్చి కూర్చునేదానికి పొద్దుటి పని ఎలా తెలుస్తుంది? తప్పు పూర్తిగా నాదే. కానీ మనిషికి తప్పు తనదని తెలిసినప్పుడే కదా ఇంకొకరి మీద కోపమొచ్చేది.

"మరి గది నాకెందుకు చూపియ్యలే?" అని అరిచాను. "నీ దుకాణం పద్ధతి పట్టుకుని ఐదేండ్లు ఒక్క దిక్కే తూసిన. మునిగిన. మొత్తం మునిగిన."

అంతలో ఎవరో పప్పు కోసం వస్తే నాన్న అటు తిరిగాడు. నేను ఇంటికి పోయి అమ్మ పెట్టింది తిని, మధ్యాహ్నం రైలుకే వికారాబాద్ వెళ్ళిపోయాను.

తర్వాతి మూడు వారాలు నేను మనిషిలా లేను. స్కానరు ఖాళీ కోసం, కొత్త రంగు సీసాల కోసం కొన్నాళ్ళు ఎదురుచూడాల్సి వచ్చింది. ఇంటికి ఫోన్ చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేదాన్ని. చివరికి మొదటి పలక చేశాను. ఈసారి వేడి ఈస్టుకు ఆకుపచ్చ, చల్లని ఈస్టుకు ఎరుపు. పలకను తడి డబ్బాలో రాత్రంతా పెట్టాలి. పొద్దున తీసి చూస్తే డబ్బా మూత సరిగా పడక ఒక మూల ఎండిపోయింది. ఆ మూల నుంచి సగం దాకా మరకలు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే పలక, అదీ గడువు దాటింది.

రెండోదానికి డబ్బా మూతను మూడు వైపులా టేపు వేసి బిగించాను. అయినా నమ్మకం లేక మేడమ్ వచ్చి ఇంకో చుట్టు వేశారు. మర్నాడు తీస్తే తడిగానే ఉంది. కడిగాను, ఆరబెట్టాను, స్కానర్లో పెట్టాను. అప్పుడు మధ్యాహ్నం పన్నెండయి ఉంటుంది. స్కానరు బొమ్మను పైనుంచి కిందికి గీత తర్వాత గీత చూపిస్తుంది, బహు నెమ్మది. మేడమ్ నా వెనక నిలబడ్డారు. నాలుగు పలకలూ ఎర్రగా చూపించిన చుక్కలు ఎక్కడెక్కడున్నాయో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇప్పుడవి ఆకుపచ్చగా రావాలి. ఎర్రగానే వస్తే, ఐదేళ్ళూ నేను రంగును తూచాను, ఈస్టును కాదు.

మొదటి వరుసల్లో అన్నీ పసుప్పచ్చ. తర్వాత ఒకటి ఆకుపచ్చ. నాదే. దాని కింద ఇంకోటి. కణం గోడ జన్యువులన్నీ ఒకదాని వెంట ఒకటి ఆకుపచ్చగా వస్తున్నాయి. ప్రొటీన్లను సరిచేసేవి వచ్చాయి. నేను ఊపిరి బిగబట్టానని మేడమ్ నా భుజం తట్టేదాకా నాకే తెలియలేదు. "గాలి పీల్చుకో" అన్నారు. పీల్చుకున్నాను. అంత హాయైన గాలి అంతకుముందు ఎప్పుడూ పీల్చలేదు.

నా పెంపుడు జన్యువు మాత్రం ఎర్రగానే వచ్చింది. రంగు మార్చినా ఎరుపే. అంటే వేడితో దానికి ఏ సంబంధమూ లేదు, ఎరుపంటే దానికి ప్రేమ, అంతే. ఒక అధ్యాయం పోయింది. ఇంకొక రోజైతే దానికి రెండు రోజులు ఏడ్చేదాన్ని. ఆ రోజు నవ్వొచ్చింది. "దీన్ని తీసేయ్, మిగతావి నిలబడ్డాయి, సెమినార్ తేదీ మార్చనక్కర్లేదు" అని మేడమ్ అంటుంటే నేను ఆవిణ్ణి వాటేసుకున్నాను. ఆవిడకు అలాంటివి నచ్చవు. అయినా కాసేపు ఊరుకున్నారు.

బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను.

"నాయినా, నిలబడ్డది."

"ఏంది?"

"రంగులు మార్చి తూసిన. గదే ఒచ్చింది. తప్పులు కొన్ని దొరికినయ్, తీసేసిన. మిగిలింది మొత్తం నిజం."

దుకాణంలో ఎవరో పప్పు ధర అడుగుతున్నారు. "జర ఆగుండ్రి" అన్నాడు నాన్న. గిరాకిని ఆగమనగా నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఫోన్ పట్టుకుని బయటికి వచ్చినట్టున్నాడు, బజారు చప్పుడు వినిపించింది.

"నాయినా?"

"నేను పొద్దుగాల నిన్ను లేపి చూపియ్యకపోవట్టి నీ చదువు ఖరాబైందనుకున్న బిడ్డా" అన్నాడు. "నిద్రల ఉన్నవ్ గద, చిన్నపిల్లవు, ఎందుకు లేపాలె అనుకుంటుంటి."

అప్పుడు గుర్తొచ్చాయి నాకు, దుకాణంలో నేనన్న మాటలు. మూడు వారాల్లో అవి నా తలలో ఒక్కసారి కూడా మెదల్లేదు. నా భయం నాకే సరిపోయింది. నాన్న మాత్రం వాటిని అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. తప్పు నాది నాయినా, నేను అడగలే, అన్నాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. గిరాకి మళ్ళీ పిలుస్తున్నాడు.

సాయంత్రం నేను వికారాబాద్‌లో రైలు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"ఏం జెప్పినవే మీ నాయినకు? మూడు వారాలసంది నాలుగు ముద్దలు తిని లేస్తుండె. అడిగితే ఎండలనె, అరగుత లేదనె. ఇయ్యాల దుకాణంల కెల్లి వచ్చుడు వచ్చుడే కంచం ముంగట కూసున్నడు. పప్పు రెండుసార్లు ఏయించుకున్నడు, అన్నం మూడుసార్లు. నాకోసం ఏం మిగలలే. ఇగో, నేను మళ్ళ పొయ్యి ముట్టిస్తున్న."